పొద ఒకటి, ఎలుకలు డెబ్బై: మందారకూ బోడి ఎలుకకూ పోలిక

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

నేల తవ్వుకుని బతికే ఒక చిన్న క్షీరదాన్ని, పూలు పూసే ఒక పొదతో పోల్చి మాట్లాడతానని చెప్పినప్పుడు, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదేనని ఒక మిత్రుడు అన్నాడు. ఆయన మాటలో ఒక సౌకర్యం ఉంది. నేను ఎంచుకున్న జంతువు నిజంగానే బోడిది. ఆంగ్లంలో దాన్ని నేకెడ్ మోల్‌ర్యాట్ అంటారు, శాస్త్రీయ నామం హెటెరోసెఫాలస్ గ్లేబర్. తెలుగులో జనం నోట నలిగిన పేరు దీనికి లేదు కాబట్టి ఈ ప్రసంగం వరకు బోడి ఎలుక అని పిలుస్తాను. ఇథియోపియా, కెన్యా, సోమాలియా దేశాల పొడి నేలల కింద ఇది బతుకుతుంది. పొదగా మందారను తీసుకున్నాను. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దానికి హిబిస్కస్ రోజా సైనెన్సిస్ అని పేరు పెట్టాడు.

ఈ రెండింటికీ ఉన్న తేడాలు పాఠశాల పుస్తకంలోనే దొరుకుతాయి. మొక్క కణాలకు గోడ ఉంటుంది, జంతు కణాలకు ఉండదు. మొక్క ఎండతో తన తిండి తానే తయారుచేసుకుంటుంది, జంతువు ఇంకొకరి తిండి మీద ఆధారపడుతుంది. ఒకటి ఉన్నచోటే ఉంటుంది, రెండోది కదులుతుంది. ఇవన్నీ నిజమే కానీ, ఈ పట్టికను ఎంత పొడిగించినా మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఒక మందార పొద పక్కన ఒక్క ఎలుకను నిలబెట్టడమే ఈ పోలికలో జరిగే పొరపాటని నా అభిప్రాయం. సగటున డెబ్బై ఎనభై ఎలుకలు ఉండే ఒక గుంపు మొత్తాన్ని తెచ్చి ఒక పొద పక్కన పెడితే, ఆ పోలిక ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడుతుంది.

ముందు ఇద్దరూ మట్టిలోకి ఎలా వెళ్తారో చూద్దాం. బోడి ఎలుక పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, బరువు సుమారు 35 గ్రాములు. అది తవ్వేది ప్రధానంగా పళ్ళతో. పైన రెండు, కింద రెండు కొరికే పళ్ళు పెదవులకు ముందు, బయటికి పొడుచుకుని ఉంటాయి, పెదవులు ఆ పళ్ళ వెనకాల మూసుకుంటాయి, అందువల్ల ఎంత తవ్వినా నోట్లోకి మట్టి పోదు. కింది రెండు పళ్ళనూ అది విడివిడిగా, ఒకదానికొకటి దూరంగా, మళ్ళీ దగ్గరగా కదిలించగలదు. శరీరంలోని కండరాల్లో దాదాపు నాలుగో వంతు దవడలకే కేటాయించుకున్న జీవి అది. ముందున్న ఎలుక మట్టిని కొరికి వదులుచేస్తుంది, దాని వెనక వరసకట్టిన ఎలుకలు ఆ మట్టిని వెనక్కి ఊడ్చుకుంటూ పోతాయి, చివరి ఎలుక నేల పైకి తెరుచుకున్న కన్నం దగ్గర నిలబడి వెనక కాళ్ళతో దాన్ని బయటికి ఎగజిమ్ముతుంది. దూరం నుంచి చూసేవారికి చిన్న అగ్నిపర్వతం పేలుతున్నట్టు కనిపిస్తుంది. ఇలా తవ్విన సొరంగాలు ఒక్కో గుంపుకు 3 కిలోమీటర్లకు మించి కూడా ఉంటాయి.

మందార వేరుకు పళ్ళు లేవు. దాని కొనను వేరు తొడుగు అనే చిన్న టోపీ కప్పి ఉంటుంది. ఆ టోపీ పైపొర కణాలు మట్టి రాపిడికి నిరంతరం రాలిపోతుంటాయి, లోపలి నుంచి కొత్త కణాలు ఆ స్థానంలోకి వస్తుంటాయి, దారి నునుపుగా ఉండడానికి ఒక జిగురు పదార్థం ఊరుతుంటుంది. కొరికే జంతువుల పళ్ళు కూడా ఇలాగే ముందు అరిగిపోతూ, వెనక నుంచి జీవితాంతం పెరుగుతూ ఉంటాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మట్టిని తొలిచే పనిముట్టు ఏదైనా అరగక తప్పదు కాబట్టి, అరుగుదలను ఆపే ప్రయత్నం మాని, అరిగినంత మేర పెరగడమనే ఒకే ఉపాయానికి ఇద్దరూ చేరుకున్నారు. వేరు తొడుగులోని కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి. అవి ఎప్పుడూ అడుగుకు చేరతాయి కాబట్టి, కింద ఎటువైపు ఉందో వేరుకు తెలుస్తుంది. 1880లో చార్లెస్ డార్విన్, తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి ప్రచురించిన గ్రంథంలో, వేరు కొన ఒక చిన్న జంతువు మెదడులా పనిచేస్తుందని చెప్పేవరకూ వెళ్ళాడు. ఆ మాటను అక్షరాలా తీసుకోనక్కర్లేదు, కానీ వేరు కొనను జంతువుతో పోల్చిన మొదటివాణ్ణి నేను కానని నా మిత్రుడికి చెప్పడానికి అది పనికొచ్చింది.

వెంట్రుకల విషయం కొంత సరదాగా ఉంటుంది. బోడి ఎలుక పేరుకు బోడిదే కానీ, దాని ఒంటి మీద ఒక్కో పక్క సుమారు 40 పొడవాటి వెంట్రుకలు, దూరదూరంగా, ఒక గడులగీత ప్రకారం నాటినట్టు ఉంటాయి. కళ్ళు దాదాపు పనిచేయని ఆ చీకట్లో సొరంగం గోడ ఎంత దూరంలో ఉందో చెప్పేవి అవే. అందులో ఒక్క వెంట్రుకను తాకినా ఎలుక ముక్కును సరిగ్గా ఆ చోటికే తిప్పుతుంది. వేరుకు ఉన్నవి మూలకేశాలు. వాటి సంఖ్య ఎంతో తెలియాలంటే, 1937లో డిట్మర్ అనే శాస్త్రవేత్త ఒక్క రై గడ్డి మొక్క వేళ్ళను కడిగి లెక్కగట్టిన ఫలితాన్ని చూడాలి. నాలుగు నెలల మొక్కకు వేళ్ళ మొత్తం పొడవు 620 కిలోమీటర్ల పైచిలుకు, మూలకేశాల సంఖ్య దాదాపు 1,400 కోట్లు. రై పొద కాదు, గడ్డి. గడ్డికి వేళ్ళు మరీ ఎక్కువ. అయినా నేల కింద ఒక మొక్క చేసే పని ఏ స్థాయిలో ఉంటుందో ఆ అంకె చెబుతుంది. ఎలుక వెంట్రుక తాకి తెలుసుకోవడానికి ఉంది, వేరు వెంట్రుక తాగడానికి ఉంది.

నేల కింద అసలు ఇబ్బంది గాలి. కుండీలో మందారకు అతిగా నీళ్ళు పోసినవారు ఒక వింత చూసే ఉంటారు: మట్టి నిండా నీళ్ళున్నా ఆకులు వాడిపోతాయి. మట్టి రేణువుల మధ్య ఉండాల్సిన గాలిని నీళ్ళు తోసేయడంతో వేళ్ళకు ఆక్సిజన్ అందదు, ఆక్సిజన్ లేని వేరు నీటిని పీల్చే పని చేయలేదు, అందుచేత మొక్క నీళ్ళలో నిలబడి దాహంతో వాడుతుంది. అప్పుడు వేరు కణాలు ఆక్సిజన్ అవసరం లేని పాత పద్ధతిలో చక్కెరను పులియబెట్టుకుని, కొద్దిపాటి శక్తితో కొంతకాలం నెట్టుకొస్తాయి.

బోడి ఎలుకల గూటిలో డజన్ల కొద్దీ ఎలుకలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి, గాలి ఆడే దారులు తక్కువ. ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరగడం అక్కడ మామూలే. 2017లో థామస్ పార్క్, గ్యారీ లెవిన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఆక్సిజన్ బొత్తిగా లేని గాలిలో ఈ ఎలుకలు 18 నిమిషాలు ప్రాణంతో నిలిచాయి. స్పృహ తప్పింది, నిమిషానికి 200 సార్లు కొట్టుకునే గుండె 50కి పడిపోయింది, అయినా గాలి తిరిగి అందగానే లేచి తిరిగాయి. మామూలు చిట్టెలుక అదే గాలిలో ఒక నిమిషం ఆగలేదు. ఇది ఎలా సాధ్యమైందని చూస్తే, ఆ కష్టకాలంలో వాటి రక్తంలోకి ఫ్రక్టోజ్ అనే చక్కెర విడుదలవుతోందని, మెదడు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటున్నాయని తేలింది. సాధారణంగా క్షీరదాల మెదడు గ్లూకోజ్ మీద నడుస్తుంది. ఆక్సిజన్ లేనప్పుడు గ్లూకోజ్ దారిలో ఒక ఎంజైమ్ దగ్గర తలుపు మూసుకుంటుంది. ఫ్రక్టోజ్ ఆ తలుపును చుట్టి పక్కదారిన వెళ్తుంది. ఫ్రక్టోజ్ మొక్కల రోజువారీ చక్కెర: మందార ఆకుల్లో తయారై కాండం గుండా వేళ్ళకు దిగే సుక్రోజ్‌లో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఎలుక మొక్క అయిపోయిందని దీనర్థం కాదు. ఊపిరి ఆడని చోట బతకాల్సి వచ్చినప్పుడు, క్షీరదాలన్నింటికీ ఉన్న ఒక చిన్న పక్కదారిని ఇది రాజమార్గంగా మార్చుకుంది, అంతే.

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే చోటికి వచ్చాం. ఒక మందార కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడండి. చివర లేత కొన ఉంటుంది. కిందికి వస్తే, ప్రతి ఆకు కాడ కాండంతో కలిసే మూలలో గోరు మొన అంత మొగ్గ ఒకటి కనిపిస్తుంది. ఆ మొగ్గకు కొమ్మ కావడానికి కావలసినవన్నీ ఉన్నాయి, అయినా అది లేవదు. పైన ఉన్న కొన దాన్ని లేవనివ్వదు. తోటపని చేసేవారు కత్తెరతో కొనను తుంచేస్తే, కొద్దిరోజుల్లోనే కింది మొగ్గలు రెండు మూడు పచ్చగా ఉబ్బి, కొమ్మలై, ఒకదానితో ఒకటి పోటీపడతాయి. మందార పూసేది కొత్త చిగుళ్ళ ఆకు మూలల్లో కాబట్టి, కత్తిరించిన పొద ఎక్కువ పూలు పూస్తుంది.

బోడి ఎలుకల గుంపులో పిల్లల్ని కనేది ఒక్కతే ఆడది, రాణి. ఆమెతో జతకట్టే మగవి ఒకటి నుంచి మూడు. మిగిలిన ఆడ ఎలుకలన్నీ ఆరోగ్యంగానే ఉంటాయి, అయినా వాటి అండాశయాలు యుక్తవయసు రాని పిల్లల్లో ఉన్నట్టు నిద్రాణంగా ఉంటాయి. కందిరీగల్లో, చీమల్లో ఉండే ఈ ఏర్పాటు ఒక క్షీరదంలో ఉందని 1981లో జెన్నిఫర్ జార్విస్ ప్రకటించినప్పుడు జీవశాస్త్రవేత్తలు నిర్ఘాంతపోయారు. రాణిని తీసేస్తే ఏమవుతుంది? నిన్నటి వరకు మట్టి ఊడ్చిన ఆడవాటిలో కొన్ని వారం పది రోజుల్లోనే సంతానోత్పత్తికి సిద్ధమవుతాయి, వాటి మధ్య పోరు మొదలవుతుంది, కొన్నిసార్లు ప్రాణాలు పోతాయి, చివరికి ఒకటి నిలుస్తుంది. నిలిచినదాని వెన్నుపూసలు పొడవెక్కుతాయి, శరీరమే సాగుతుంది. ఎదిగిన క్షీరదం పదవి దక్కిందని కొత్తగా ఎముక పెంచడం చాలా అరుదు. కొన తెగిన తర్వాత ఒక పక్క మొగ్గ కొమ్మై నిటారుగా లేవడాన్ని చూసినవారికి మాత్రం ఇది అంత వింతగా అనిపించదు.

ఈ పోలికలో నాకు మరీ నచ్చిన భాగం, రెండు పక్షాల శాస్త్రవేత్తలూ ఒకే రకమైన తప్పటడుగు వేసి, ఒకే రకంగా సరిదిద్దుకోవడం. 1930లలో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్క కొనను కోసి, ఆ కోత మీద ఆక్సిన్ అనే హార్మోన్ పెట్టి చూశారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. ఇంకేం, కొన నుంచి దిగే ఆక్సినే మొగ్గలను అణచిపెడుతోందని దశాబ్దాలపాటు పాఠాలు చెప్పుకున్నాం, నేనూ అదే చెప్పాను. 2014లో బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగం వేరే సంగతి చూపింది. కొనను తుంచగానే, ఆక్సిన్ తగ్గుదల చేరడానికి ముందే కింది మొగ్గలు కదలడం మొదలుపెడుతున్నాయి. కారణం చక్కెర. కొన ఉన్నంతకాలం చక్కెరనంతా తనవైపు లాక్కుంటుంది, అది పోయిన క్షణం నుంచి ఆ చక్కెర మొగ్గలకు అందుతుంది. ఆక్సిన్ పాత్ర ఆ తర్వాతది. అటు ఎలుకల విషయంలోనూ, రాణి మూత్రంలోని ఏదో వాసన మిగతా ఆడవాటిని అణచిపెడుతోందని మొదట ఊహించారు. 1990ల ప్రయోగాల్లో ఆ ఊహ నిలబడలేదు. రాణి అక్కడ స్వయంగా ఉండడం, సొరంగాల్లో తిరుగుతూ ఇతరులను ముక్కుతో నెట్టడం, తొక్కుకుంటూ పోవడం, అంటే ఆమె శరీరం వాటి శరీరాలకు తగలడమే ముఖ్యమని తేలింది. రెండు చోట్లా ఒక్క రసాయనం మీద కట్టిన అందమైన కథ సగమే నిజమైంది.

రసాయనాలకు అసలు పాత్రే లేదని మాత్రం అనుకోకూడదు. ఈ ఎలుకలు మలాన్ని తింటాయి, పిల్లలు పెద్దవాటిని అడిగి మరీ తింటాయి. రాణి మలంలో ఉండే ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ పనివాటి శరీరంలోకి చేరి, తమవి కాని పిల్లల అరుపులకు అవి స్పందించేలా చేస్తుందని 2018లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. సొంత అండాశయం నిద్రపోతున్నా మాతృత్వం బయటి నుంచి వడ్డించబడుతోందన్నమాట. కొన దగ్గర తయారైన హార్మోన్ కాండం గుండా దిగి ఎక్కడో వేరును మొలిపించడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ కాండం లేదు, సొరంగం ఉంది.

కొమ్మను గుచ్చితే మందార వస్తుంది. తోటల్లో కనిపించే మందారల్లో చాలావరకు ఇలా పెంచినవే, సంకర రకాల్లో కొన్నింటికి విత్తనం పట్టదు కూడా. అప్పుడు వంద తోటల్లోని వంద పొదలు ఒకే మొక్క ముక్కలవుతాయి. బోడి ఎలుకల సొరంగం రెండుగా విడిపోయి, గుంపులో సగం అటు, సగం ఇటు స్థిరపడి కొత్త గుంపు ఏర్పడడం కూడా ఉంది. లోపలివాటితోనే జతకట్టడం వల్ల 1990లో పరీక్షించిన గుంపుల్లో సభ్యుల మధ్య జన్యు సంబంధం 0.8 దాకా తేలింది. తోబుట్టువుల మధ్య అది 0.5 అయితే, ఒకే మొక్క కొమ్మల మధ్య 1. అంటే ఈ గుంపు కుటుంబానికీ పొదకూ మధ్య ఎక్కడో ఉంది. అయితే ఇద్దరూ బయటి దారిని పూర్తిగా మూసుకోలేదు. 1996లో వర్ణించిన ఒక ప్రత్యేక రకం ఎలుక గుంపులో అప్పుడప్పుడు పుడుతుంది: ఒంటి నిండా కొవ్వు, గూటి పనుల పట్ల బద్ధకం, బయటికి పోవాలనే తపన, పరాయి గుంపువాటితోనే జతకట్టే ఇష్టం. దారిఖర్చుకు తిండి మూటగట్టుకుని పుట్టిన చోటిని వదిలే ఆ జీవిని విత్తనం అనక మరేమనాలి? మందార పువ్వు కూడా బయటివారి కోసమే. దాన్ని నిలువునా చీల్చి చూస్తే, మధ్యనున్న పొడవాటి గొట్టం నిజానికి కేసరాలన్నీ కలిసిపోయి ఏర్పడిందని, ఆ గొట్టం లోపలి నుంచే కీలం నడిచి, చివర అయిదు చిన్న ఎర్రటి గుండ్లుగా, పుప్పొడికి అందనంత పైకి వచ్చి విచ్చుకుంటుందని కనిపిస్తుంది. సొంత పుప్పొడి తన మీద రాలకుండా, వేరే పువ్వు నుంచి వచ్చిన పక్షి మెడకు ముందుగా తగలడానికి అది పనికొస్తుంది. ఆ పువ్వు ఆయుష్షు సాధారణంగా ఒక్క రోజు.

పువ్వుది ఒక్క రోజే అయినా, పొద సంగతి అది కాదు. జర్మనీలోని హిల్డెస్‌హైమ్ ప్రధాన చర్చి గోడను అల్లుకున్న ఒక అడవి గులాబీ పొద ఉంది. దాని వయసు వెయ్యేళ్ళని ఐతిహ్యం. 1945 మార్చిలో బాంబుదాడికి చర్చి కూలిపోయి, పొద పైభాగం కాలిపోయింది. శిథిలాల కింద మిగిలిన వేళ్ళ నుంచి అది మళ్ళీ చిగిర్చింది. టాస్మేనియాలో లొమేషియా టాస్మానికా అనే పొద ఇంకా దూరం వెళ్ళింది. మిగిలి ఉన్న కొన్ని వందల మొక్కలూ జన్యుపరంగా ఒక్కటే. అవి పూస్తాయి కానీ కాయవు, విరిగిన కొమ్మలు వేళ్ళూనడమే వాటి వంశం. దగ్గరలో దొరికిన శిలాజ ఆకులను బట్టి ఆ ఒక్క మొక్క వయసు కనీసం 43,600 ఏళ్ళని అంచనా. మొక్కకు ఇది సాధ్యం కావడానికి కారణం, దాని కొనల్లో విభజన ఆపని కణాలు ఎప్పుడూ మిగిలి ఉండడం, పువ్వులనూ వాటిలోని అండాలనూ అవి అవసరమైనప్పుడల్లా కొత్తగా తయారుచేయగలగడం.

క్షీరదాలకు ఆ వెసులుబాటు లేదనీ, ఆడపిల్ల పుట్టేసరికే అండకణాల నిల్వ నిర్ణయమైపోతుందనీ మనకు నేర్పారు. బోడి ఎలుక ఇక్కడా తల ఎగరేస్తుంది. పుట్టిన తర్వాత కూడా దాని అండాశయంలో అండకణాలకు మూలమైన కణాలు విభజన చెందుతూనే ఉంటాయని 2023లో ప్రచురితమైంది. ఎనిమిది రోజుల ఆడ ఎలుక పిల్లలో సగటున 15 లక్షల అండకణాలు ఉన్నాయి, అదే వయసు చిట్టెలుకతో పోలిస్తే దాదాపు 95 రెట్లు. చిట్టెలుక మూడు నాలుగేళ్ళు బతికితే ఎక్కువ. ఒంటి పరిమాణంలో దాదాపు అంతే ఉండే బోడి ఎలుక 30 ఏళ్ళు దాటుతుంది. మనుషుల్లో పెద్దవయసులో దాదాపు ప్రతి ఎనిమిదేళ్ళకూ చనిపోయే అవకాశం రెట్టింపవుతుంది. మూడు వేలకు పైగా బోడి ఎలుకల రికార్డులను 2018లో పరిశీలించినప్పుడు, వయసు పెరిగినకొద్దీ ఆ అవకాశం పెరగడం వాటిలో కనిపించలేదు. ఈ ఎలుకకు చావు లేదని ఎవరైనా రాస్తే నమ్మకండి, అది చస్తుంది. ముసలిదైనందువల్ల మరింత త్వరగా చావదు, అంతవరకే.

పోలిక తెగిపోయే చోటును దాచడం నాకిష్టం లేదు. పక్క మొగ్గలు పోటీపడినప్పుడు ఓడినది నిద్రపోతుంది, రేపు మళ్ళీ లేవవచ్చు. రాణి పదవికి పోరాడి గాయపడ్డ ఎలుకకు ఆ రేపు ఉండకపోవచ్చు. కొమ్మలకు ఒకే రసం ప్రవహిస్తుంది కాబట్టి అవి ఒకదానినొకటి గుర్తుపట్టనవసరం లేదు. ఎలుకలు గుర్తుపట్టాలి, అందుకే ఒక్కో గుంపుకు తనదైన కిచకిచల యాస ఉంటుందని, పరాయి గుంపులో పెరిగిన పిల్ల ఆ గుంపు యాసే నేర్చుకుంటుందని 2021లో కనుగొన్నారు. పొదలో ఏ భాగానికీ యాస అవసరం లేదు.

చివరగా, ఈ ఇద్దరినీ నేను కలిపానన్న నింద నా ఒక్కడి మీదే వేయకండి. 1970లలో రిచర్డ్ అలెగ్జాండర్ అనే కీటక శాస్త్రవేత్త, చీమల్లా బతికే క్షీరదం అంటూ ఒకటి ఉంటే ఎలా ఉంటుందో తన ఉపన్యాసాల్లో ఊహించి చెప్పేవాడు. ఆయన మొదలుపెట్టింది తిండి నుంచి: గుంపు మొత్తం ఒకే చోట తరతరాలు బతకాలంటే, గూడు వదలకుండా దొరికే, ఎంత తిన్నా తరగని ఆహారం ఉండాలి, ఉష్ణమండలపు గట్టి నేలల కింద దొరికే పెద్ద దుంపలు అలాంటివి. ఒక సభలో అది విన్న క్షీరద శాస్త్రవేత్త టెర్రీ వాన్, మీరు చెబుతున్నది బోడి ఎలుకను కళ్ళకు కట్టినట్టుందని అన్నాడు. మొక్క తన కోసం నేల కింద దాచుకున్న మూటను బట్టి, ఆ మూట చుట్టూ ఎలాంటి జంతువు తయారై ఉంటుందో, ఆ జంతువును చూడకుండానే చెప్పగలిగారు.

ఆ దుంపను ఎలుకలు తినే పద్ధతి ఇది. కొన్ని దుంపలు కిలోల లెక్కన బరువు ఉంటాయి, అంటే ఎలుకకు వంద రెట్లు. అవి తొక్కలో ఒక కన్నం చేసి, లోపలి కండను తొలుచుకుంటూ తింటాయి, పెరిగే పైపొరను చాలావరకు వదిలేస్తాయి. నీళ్ళు కూడా అవి విడిగా తాగవు, దుంపలోని తడే చాలు. తర్వాత చేసిన ఖాళీలోకి మట్టి కూరి, కన్నం మూసి, వేరే వైపు తవ్వుకుంటూ పోతాయి. గాయపడ్డ దుంప ఆ మట్టి చుట్టూ మళ్ళీ కండ పడుతుంది. కొన్నాళ్ళకు ఆ గుంపు అదే దుంప దగ్గరికి తిరిగి వస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.